ఇరుకు సందుల బాబాయి

ఆ ఇంట్లో పదునైన మూల ఒక్కటి కూడా లేదు. భోజనాల బల్ల నాలుగు మూలలూ గుండ్రంగా ఉంటాయి. కిటికీ గట్లు, అలమర తలుపులు, మంచం కోళ్ళు, ఆఖరికి గరిటె కాడ దాకా అన్నిటి మీదా గరుకు కాగితం తిరిగింది. కూతురు పాకడం నేర్చిన రోజుల్లో ఆ ఇంటాయన మొదలుపెట్టిన పని అది. ఆ కూతురు పెరిగి పెద్దదై, ఇళ్ళ కప్పులెక్కి సోలార్ పలకలు బిగించే ఉద్యోగంలో చేరాక కూడా ఆయన చెయ్యి ఆగలేదు. చంద్రుడు పుట్టడమే గుండ్రంగా పుట్టి బతికిపోయాడు గానీ, లేకపోతే ఈయన నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరేవాడని ఆయన భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. ఆవిడ కారు నడపడం నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళ ధర్మమా అని ఆవిడ కారుకు సొట్ట లేని వైపు లేదు. ఆ కారు ఆయన ఇంతవరకూ ఎక్కలేదు. ఎక్కమని ఆవిడా బలవంతపెట్టలేదు.

ఇంత మెత్తటి మనిషికి అన్నం పెట్టే పని ఏమిటంటే, ఇరుకు సందులు తయారు చేయడం.

సందులంటే ఇళ్ళ మధ్య ఉండేవి కావు. జీవకణాలు నడిచేవి. వెంట్రుకను నిలువునా ఇరవై పేలికలుగా చీల్చగలిగితే అందులో ఒక పేలిక ఎంత ఉంటుందో అంత వెడల్పు. గోరంత రబ్బరు ముక్కలో అలాంటి సందులు వరసగా ఉంటాయి. వాటిలోంచి కణాలు ఎలా దూరి వెళ్తాయో చూసి, మన ఒంట్లో అవి ఎలా తిరుగుతాయో తెలుసుకునే పరిశోధనశాల అది. అక్కడ చిన్నా పెద్దా అందరూ ఆయన్ని సందుల బాబాయి అనే పిలుస్తారు. ఆ శాలకు పెద్ద అయిన మేడం కూడా, వయసులో ఆయనకంటే నాలుగేళ్ళు పెద్దదయి ఉండీ, బాబాయ్ అనే అంటుంది.

అంతకుముందు ఆయన ఒక ప్రెస్సులో పనిచేసేవాడు. ఫిల్మును ప్లేటు మీద పరిచి, గట్టి దీపం వెలుగుకు పట్టి, మందులో కడిగి అక్షరాలు తేల్చే పని. ప్లేట్లు తయారు చేసే పనిని కంప్యూటర్లు తీసేసుకున్నాక ఆ ప్రెస్సులో ఆయనకు కుర్చీ మిగల్లేదు. పరిశోధనశాలలో మనిషి కావాలని విని వెళ్ళి చూస్తే, చేయాల్సిందీ దాదాపు అదే. గుండ్రటి పలక మీద ఒక జిగురు పూస్తారు. దాని మీద సందుల బొమ్మ ఉన్న ఫిల్ము పెట్టి దీపం వేస్తారు. వెలుగు పడినచోట జిగురు గట్టిపడి సన్నటి గట్లలా నిలబడుతుంది, మిగిలింది మందులో కరిగిపోతుంది. అదే అచ్చు. దాని మీద తేనెలాంటి రబ్బరు పోసి, పొయ్యిలో ఆరబెట్టి, ఊడదీస్తే గట్టు ఉన్నచోట సందు పడుతుంది. మామూలు వెలుగు తగిలితే ఆ జిగురు పాడవుతుంది కాబట్టి ఆ గదిలో పసుపు దీపాలే ఉంటాయి. లోపలికి వెళ్ళినవాళ్ళందరికీ కామెర్లు వచ్చినట్టే ఉంటుంది. ఆయన అందులో ఏళ్ళ తరబడి హాయిగా ఉన్నాడు. ఆయన చేసిన సందును తిరిగి కొలిచి చూసుకునే అలవాటు ఆ శాలలో ఎవరికీ లేదు. బాబాయి ఇచ్చాడంటే సరిగ్గానే ఉంటుంది, అంతే.

కానీ ఆ సందుల్లో జరిగేదేమిటో ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన చేతిపని పసుపు గది గుమ్మం దగ్గర ఆగిపోతుంది. జారుడుబల్ల మీద పిల్లల్లా కణాలు ఇటు నుంచి దూరి అటు వస్తాయని ఆయన ఊహ.

ఆ ఊహను చెడగొట్టింది కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థిని. జుట్టును పెన్సిలుతో ముడేసుకుని తిరిగే పిల్ల. పని బాగా సాగుతుంటే కూనిరాగం తీస్తుంది, సాగకపోతే నోరు మెదపదు. మైక్రోస్కోపు గదికీ పసుపు గదికీ మధ్య గోడ పలచన కాబట్టి ఆ పిల్ల పని ఎలా నడుస్తోందో బాబాయికి పొద్దున్నే తెలిసిపోయేది. ఒకరోజు మంచి రాగంలో ఉండగా ఆయన్ని పిలిచి తెర ముందు కూర్చోబెట్టింది.

"ఇల్లు మారేటప్పుడు చూడలేదా బాబాయ్? మంచాలు విప్పుతాం, పరుపులు చుడతాం. బీరువా దగ్గరికొచ్చేసరికి అందరూ గుమ్మంలో ఇరుక్కుపోతారు. కణానికి బీరువా దాని కేంద్రకమే. నగలూ పత్రాలూ అన్నీ దాన్లోనే ఉంటాయి."

తాను పెంచే కణాల కేంద్రకాల్లో ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ ఒకటి ఉంటుందని, అది కేంద్రకం పొర దాటి బయటికి రాదని, అందుకే తెర మీద కేంద్రకం పచ్చ దీపంలా కనిపిస్తుందని చెప్పింది. పొర చిరిగితే మాత్రం ఆ వెలుగు కణమంతా ఒలికిపోతుంది. బాబాయి చూస్తుండగానే ఒక పచ్చ దీపం సందు నోట్లోకి వచ్చింది. సన్నబడింది. సాగింది. ముందు కొసన ఒక బుడగ లేచింది, అది పిగిలింది. పచ్చదనం ఒక్కసారిగా చుట్టూ ఒలికిపోయి, దీపం కొండెక్కినట్టు కేంద్రకం వెలవెలబోయింది.

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. చిరిగిందా అని అడిగితే ఆ అమ్మాయి ఉత్సాహంగా తలూపి, అసలు సంగతి ఇప్పుడే మొదలవుతుందని కుర్చీ ముందుకు లాక్కుంది.

"చాలు తల్లీ" అని ఆయన లేచిపోయాడు.

ఆ రాత్రి ఆయన సరిగ్గా తినలేదు. కడుపులో తేడా చేసిందనుకుని భార్య వేడినీళ్ళు ఇచ్చింది. ఇన్నేళ్ళుగా ఎన్ని చేసి ఉంటాను, ఎన్ని చిరిగి ఉంటాయి అన్నదొక్కటే ఆయన మనసులో తిరుగుతోంది. పైకి చెబితే నవ్వుతారు. కంటికి కూడా కనపడని కణం మీద జాలేమిటి?

మరుసటి అచ్చు వేసేటప్పుడు ఆయన చెయ్యి దీపం మీట దగ్గర ఆగింది. దీపాన్ని మామూలు కంటే కాస్త ఎక్కువసేపు ఉంచితే గట్టు మూలలు మొద్దుబారుతాయని ఆయనకు ప్రెస్సు రోజుల నుంచీ తెలుసు. సందు నోటి దగ్గర ఆ పదును ఒక్కటీ లేకపోతే కణాలు ఒరుసుకోకుండా దూరతాయి కదా అనుకున్నాడు. సందు సందే, నోరు మాత్రం నున్నగా. బల్ల మూల అరగదీస్తే బల్ల చిన్నదైపోతుందా? ఆ ధైర్యంతో దీపాన్ని ఒక గుక్క ఊపిరి సేపు ఎక్కువ ఉంచాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి అని ఆయనకు తోచనే లేదు.

ఆ పిల్ల పరిశోధన అంతా ఆ చిరుగు మీదే ఉంది. కేంద్రకం చిరిగినప్పుడు కణం ఊరుకోదు. చిరుగు దగ్గరికి ఏవేవో ప్రోటీన్లు పరుగెత్తుకొస్తాయి, దాన్ని మూస్తాయి. వాటిలో ఒకటి అన్నిటికంటే ముందు వస్తుందని ఆ పిల్ల అనుమానం. దానికి ఎర్ర రంగు తగిలించి పెట్టుకుంది. చిరుగు మీద ఎర్ర చుక్క ఎప్పుడు పడుతుందో పట్టుకోవాలి. పట్టుకుంటే ఆ ప్రశ్న ఆ పిల్లది. లేకపోతే ఆ నెలాఖరు సమావేశం తర్వాత దాన్ని మూసేసి, ఇంకొకరి పనిలో చెయ్యి సాయానికి వెళ్ళాలని మేడం చెప్పేసింది. ఆవిడ కోపంగా అనలేదు. మైక్రోస్కోపు కోసం ఇంకా చాలామంది ఎదురు చూస్తున్నారు, అదీ నిజమే.

కొత్త అచ్చులోంచి తీసిన ముక్కలు వాడడం మొదలయ్యాక గోడవతల కూనిరాగం ఆగిపోయింది.

కణాలు సందుల్లో దూరుతున్నాయి. పచ్చ దీపాలు సన్నబడి, సాగి, అవతలికి చక్కగా వెళ్ళిపోతున్నాయి. ఒక్కటీ చిరగడం లేదు. చిరగనిదే మూసుకోవడం ఏముంటుంది? ఆ పిల్ల కణాలకు పెట్టే తిండి మార్చింది, వేడి మార్చింది, కొత్త కణాలు తెచ్చుకుంది. కళ్ళలో వత్తులేసుకుని తెర ముందు కూర్చుంది. కాళ్ళు ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టింది. బాబాయికి మనసు ఆగలేదు. ముక్కలు పాతబడ్డాయేమో అని అదే అచ్చులోంచి కొత్తవి తీసి, రెండింతల శ్రద్ధగా కడిగి, తానే పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. ఆయన సాయం చేసినకొద్దీ ఆ పిల్ల కూరుకుపోయింది. సందును అనుమానించాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. బాబాయి సందు కదా.

"నా చేతిలోనే ఏదో లోపం ఉంది బాబాయ్" అంది ఒకరోజు, ఆయన ఇచ్చిన ముక్కలు తీసుకుంటూ. "ఇది నాకు పట్టుబడే పని కాదేమో."

ఆ మాట ఆయనతో పాటు ఇంటికి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం కూతురి భోజనం డబ్బా మూత అంచు అరగదీస్తూ, భార్యకు ఆ పిల్ల కష్టమంతా చెప్పుకొచ్చాడు. పాపం అన్నీ సరిగ్గానే చేస్తోందట, కణాలు మాత్రం సునాయాసంగా జారిపోతున్నాయట. భార్య టీ కప్పు పట్టుకుని ఆయన చేతుల వంక చూస్తూ వింది. ఆ చేతులను ఆవిడ ముప్పై ఏళ్ళుగా చూస్తోంది.

"వాటికి కూడా పట్టించారా ఏంటి గరుకు కాగితం?" అంది.

సరదాకే అంది. కానీ డబ్బా మూత మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆవిడ కప్పు కింద పెట్టింది.

"ఏం చేశారేంటి?"

"నోటి దగ్గర మాత్రమే" అన్నాడు. "కాస్త పదును తీశా."

అలా అంటుండగానే ఆయనకు ప్రెస్సు గుర్తొచ్చింది. దీపం కింద ప్లేటు ఎక్కువసేపు ఉండిపోతే అక్షరం మూలలు మొద్దుబారేవి. అక్కడితో ఆగేది కాదు. వెలుగు అంచుల కిందికి పాకి అక్షరం అక్షరమంతా లావెక్కేది. అక్షరం ఒళ్ళు చేసిందిరా అని మేస్త్రీ ఆ ప్లేటును అవతల పడేసేవాడు. ఆ తిట్లు ఆయన తిన్నవే. మూల నున్నబడితే ఒళ్ళంతా లావవుతుందన్న సంగతి ఆ శాల మొత్తానికి ఎవరికైనా తెలిసి ఉండాలంటే అది తనకే. తెలిసీ పప్పులో కాలేశాడు.

సోమవారం అందరికంటే ముందు వెళ్ళి అచ్చును మైక్రోస్కోపు కింద పెట్టి కొలిచాడు. అనుకున్నంతా అయింది. నోరొక్కటే కాదు, సందంతా ఒళ్ళు చేసింది. బీరువాలు హాయిగా దాటిపోయేంత.

ఆ పిల్ల వచ్చేదాకా ఆయన మైక్రోస్కోపు గది గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక మొదట అక్షరాల సంగతి చెప్పాడు, తర్వాత దీపం సంగతి, ఆఖరికి ఆ రోజు తెర మీద చూసింది చెప్పాడు. ఆ పిల్ల పెన్సిలు తీసి జుట్టు వదిలేసి, మళ్ళీ ముడేసుకుంది.

"అవి దెబ్బ తింటున్నాయని మీకు జాలేసింది" అంది చివరికి. "నన్ను రోజూ చూస్తూనే ఉన్నారు కదా బాబాయ్. నా మీద వేయలేదా?"

ఆయన తల దించుకుని పసుపు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కాసేపటికి తలుపు తెరుచుకుని ఆ పిల్ల లోపలికి వచ్చింది. పసుపు వెలుగులో ఏడ్చిన కళ్ళు తెలియవు. అది ఆ గదికున్న మంచి గుణం. ఎప్పటికి అవుతుంది కొత్త అచ్చు అని మాత్రం అడిగింది. రేపటికి ఇస్తానన్నాడు. ఈసారి తన ముందే కొలిచి ఇవ్వాలంది. సరేనన్నాడు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలంది: ముక్క ఇచ్చేసి వెళ్ళిపోకూడదు, పక్కన కూర్చుని చివరిదాకా చూడాలి. దానికి మాత్రం ఆయన వెంటనే సరే అనలేకపోయాడు. కానీ అన్నాడు.

మర్నాడు ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. ఈసారి సందు నోరు కత్తిలా ఉంది. మొదటి పచ్చ దీపం వచ్చి నోట్లో తల పెట్టింది. బాబాయి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. సాగింది, బుడగ లేచింది, పిగిలింది. పచ్చదనం ఒలికిపోయింది. ఆయన కళ్ళు మూసుకోబోతుంటే ఆ పిల్ల మోచేత్తో పొడిచింది.

చిరిగినచోట, కొసన, ఎర్ర చుక్క ఒకటి పడింది. గుండుసూది మొనంత. మెల్లగా ముదిరింది.

ఆ పిల్ల అప్పటిదాకా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. చిరుగులోంచి బయటికి తొంగిచూసిన డీఎన్ఏను అది ముందు పట్టుకుని కూర్చుంటుందట. అది కూర్చున్న గుర్తు మీదికి మిగతావి వస్తాయట. చుట్టుపక్కల ఉన్న పొరను లాక్కొచ్చి, అంచులు దగ్గరికి చేర్చి మూసేస్తాయట. ఇదంతా కొత్త కాదు, కొంత ఇదివరకే ఎవరో చూసిందే, కానీ తన ఎర్ర చుక్క ఆ వరసలో ఎక్కడ నిలబడుతుందన్నది మాత్రం ఎవరూ చూడలేదు. బాబాయికి సగమే అర్థమైంది. ఆయన చూపు పచ్చదనం మీద ఉంది. టీ తెచ్చుకుని తాగుతూ చూశారు. కణమంతా పరుచుకున్న పచ్చదనం కొద్దికొద్దిగా పలచబడి, మళ్ళీ కేంద్రకంలోకి చేరుతోంది. సాయంత్రం ఇళ్ళలో ఒక్కొక్క దీపం వెలిగినట్టుగా కాదు, ఆరిందనుకున్న దీపం ఒత్తి తనే ఎగదోసుకున్నట్టు.

"వెలిగింది" అన్నాడు ఆయన.

"ఆ రోజు కూడా వెలిగింది బాబాయ్. మీరే లేచిపోయారు."

అన్నీ అంత బాగా జరగలేదు. ఒక కణం సందు మధ్యలో చిరిగి, అక్కడే ఉండిపోయింది. దాని వెలుగు తిరిగి రాలేదు. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. ఆ పిల్ల కూడా ఏమీ సర్దిచెప్పలేదు. కొన్ని పోతాయి అంది అంతే. మూసుకున్నవాటికి కూడా చిరిగినచోట పొర లోపలి అల్లిక కాస్త మందంగా, ఒక ముద్దలా మిగులుతుందని చూపించింది. ఆయనకు కూతురి మోకాలి మీద మచ్చ గుర్తొచ్చింది. సైకిలు నేర్చుకుంటే పడుతుందని తాను వద్దంటే, తల్లీ కూతుళ్ళిద్దరూ తనకు తెలియకుండా నేర్చేసుకుని, ఆ దెబ్బను వారం పాటు పొడుగు గౌను కింద దాచారు.

సమావేశం ఆ శుక్రవారం జరిగింది. మేడం ఆ ఎర్ర చుక్కను ఒకటికి రెండుసార్లు చూసింది. మెచ్చుకోలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని మాత్రం అడిగింది. బాబాయి వెనక వరసలోంచి లేచి తప్పు తనదని, దీపం ఎక్కువైందని చెప్పాడు. ఎందుకు ఎక్కువైందో చెప్పబోతుంటే ఆ పిల్ల అడ్డం వచ్చి, ఆ అచ్చు కూడా తనకు పనికొస్తుందని అంది. వెడల్పు సందులో చిరగకుండా వెళ్ళిన కణాల మీద ఎర్ర చుక్క ఒక్కసారి కూడా పడలేదు. అంటే అది చిరుగు కోసమే వస్తోందని తేలినట్టే కదా. మేడం ఒక్క క్షణం ఆలోచించి, ఇకమీదట బాబాయి సందులనైనా సరే అందరూ కొలుచుకోవాల్సిందేనంది. ఆ పిల్ల వైపు తిరిగి, ఇలాంటివి ఇంకా చాలా కావాలి, వచ్చే నెలంతా మైక్రోస్కోపు నీదే అంది. గది బయటికి వస్తూ ఆ పిల్ల ఆయన్ని పట్టించుకోనట్టే ముందు నడిచింది. నాలుగడుగులేశాక వెనక్కి తిరిగి, సోమవారం పొద్దున్నే కొత్త ముక్కలు కావాలని చెప్పింది.

"ఇంతే ఇరుకుగా బాబాయ్. ఒక్క నూలుపోగంత కూడా జాలి పడొద్దు."

ఇంటికి వెళ్ళేసరికి భార్య మెట్ల మీద కూర్చుని ఎదురు చూస్తోంది. ఆవిడకు ఆ పిల్ల సంగతి ముందు చెప్పాడు. ఆవిడ తృప్తిగా తలూపింది.

"ఇంతకీ ఆ కణాలేమయ్యాయి? చచ్చిపోయాయా పాపం?"

"ఒకటి పోయింది. మిగతావి మూసుకున్నాయి."

"మూసుకుని?"

"ఏముంది, పక్కనే ఇంకో సందుంటే దాన్లో తల పెట్టాయి."

"అయితే బుద్ధి రాలేదన్నమాట."

"మన అమ్మాయి బాపతే."

ఆవిడ నవ్వుతూ లేచి చీర దులుపుకుంది. సోమవారం తాను తెల్లారగానే వెళ్ళాలని, ఆ వేళకు బస్సులుండవని ఆయన చెప్పాడు. చెప్పి, మెట్ల కింద నిలబెట్టి ఉన్న కారు వంక, దాని సొట్టల వంక కాసేపు చూశాడు.

"నీ కారులో దింపుతావా?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది, వేళాకోళం కాదని తెలిసేదాకా.

"దింపుతాను గానీ" అంది, "దగ్గరి దారి కాస్త ఇరుకు. కళ్ళు మూసుకోకూడదు మరి."